పండక్కి కార్లో బయల్దేరే ముందు

తణుకు,
ఆదివారం.

చి.ల.సౌ. అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఫోనుండగా ఉత్తరమేంటి అనుకుంటావేమో. ఫోన్లో అయితే నువ్వు "ఆఁ నాన్నా, సరే నాన్నా" అంటావు, పక్కన చంటిది రాగం తీస్తుంది, పెట్టేస్తావు. పైగా వారం నుంచి నీ దగ్గర్నుంచి ఆ ఫోనూ లేదు. కాగితం మీదైతే మధ్యలో పెట్టేయడానికి కుదరదు కదా.

కొబ్బరి దింపించాం. కాయ బాగానే ఉంది గానీ దింపే మనిషి దొరకడమే గగనమైపోయింది. మీ అమ్మ మోకాలు అలాగే ఉంది. మెట్లెక్కొద్దంటే వినదు, మేడ మీద వడియాలు ఆరబెట్టడానికి నన్ను పంపదు. కనకం కూతురికి భీమవరం సంబంధం ఖాయమైనట్టే. మొన్న చిన్నత్త వచ్చి రెండ్రోజులుండి వెళ్ళింది. అల్లుడుగారు స్టేటస్‌లో పెట్టిన ఫొటో ఆవిడే చూపించింది. చంటిది ఆయన ఒళ్ళో కూచుని స్టీరింగు పట్టుకున్న ఫొటో. "డ్రైవరుగారి మనవరాలు కాదూ!" అని చిన్నత్త ఒకటే నవ్వు. మీ అమ్మ అయితే ఫోనుకే దిష్టి తీసింది. ఫొటో బాగుంది, నేను కాదనను. కాకపోతే కిటికీ అవతల చెట్లు అలికేసినట్టు పడ్డాయి. ఆగున్న కార్లోంచి తీస్తే చెట్లు అలా పడవు.

నేనేమీ అనలేదులే. బాబ్జీ బోరు మోటారు మళ్ళీ కాలింది, దాని గొడవలో పడిపోయాం.

ఎందుకో రాత్రి పడుకుంటే ఆ నందిగామ ఇవతలి కీసర దగ్గర సంగతి గుర్తొచ్చింది. నీకు చెప్పే ఉంటాను, అయినా విను. నువ్వప్పటికింకా పుట్టలేదు. నాది హైదరాబాదు నైట్ సర్వీసు, పెళ్ళిళ్ళ రోజులు. నా ఎడమ పక్క ముందు సీట్లో ఒకావిడ, ఒళ్ళో ఏడాది పిల్లాడు. ఆవిడ పక్కనే ఆత్రేయపురం పూతరేకుల బుట్టతో ఒక పెద్దాయన. ఆ బుట్ట పైన పెట్టనివ్వడు, కింద పెట్టనివ్వడు, ఒళ్ళోనే ఉండాలి. మన వెంకట్రాజు బాబాయే కండక్టరు. బుట్టకి లగేజీ టికెట్టు కొట్టాలని బాబాయి, తినే వస్తువుకి టికెట్టేంటని ఆయన, ఏలూరు దాకా ఇదే తగువు. చివరికి ఎవరు నెగ్గారో నాకు తెలీదు గానీ బెజవాడ దాటేసరికి అందరూ నిద్దర్లోకి జారుకున్నారు. కీసర దగ్గర చీకట్లో గేదె. అడ్డంగా నిలబడింది, కళ్ళు నావైపు లేవు కాబట్టి లైట్లకి మెరవలేదు. ఎంత, నలభై, నలభై ఐదులో ఉన్నానేమో. బ్రేకు మీద నిలబడ్డాను. గుద్దలేదు. బండి ఆగింది, గేదె నాకేసి ఒకసారి చూసి నింపాదిగా పోయింది. తల తిప్పితే పిల్లాడు గేరు రాడ్డు పక్కనున్నాడు! బాబాయి బానెట్టు మీద దుప్పటి మడతేసి పెట్టుకోబట్టి సరిపోయింది, పెదవి చిట్లడంతో పోయింది. ఆవిడ చేతులు మాత్రం పిల్లాణ్ణి పట్టుకున్నట్టే ఉన్నాయి, అలాగే ముందుకి వంగి, ఖాళీగా. "గట్టిగానే పట్టుకున్నానండి, గట్టిగానే పట్టుకున్నానండి" అంటుంది. బస్సులో వాళ్ళందరూ లేచి ఆవిణ్ణే తిట్టడం. తల్లివేనా, నిద్రపోయావా అని. పూతరేకులు అద్దం నిండా రేగిపోయాయి. వాటి ఖరీదు ఎవరిస్తారని పెద్దాయన సూర్యాపేటలో టీకి ఆగేదాకా నా ప్రాణం తీశాడు. అక్కడ దిగాక ఆయనే, విరక్కుండా మిగిలినవి ఏరి ఆ పిల్లాడి చేతిలో పెట్టాడు.

ఆవిడ నిద్రపోలేదమ్మలూ. అద్దంలో నేను చూస్తూనే ఉన్నాను. గట్టిగానే పట్టుకుంది. అది గుద్దడం కూడా కాదు, ఒట్టి బ్రేకు. యాభై స్పీడులో కారు దేనికైనా కొట్టుకుంటే లోపలున్నవాళ్ళకి మూడో అంతస్తు మీంచి పడ్డంత దెబ్బ. ఆ క్షణంలో ఆరున్నర కిలోల పిల్ల రెండు వందల కిలోల బరువుతో ముందుకి లాగుతుంది. భీముడి వల్ల కూడా కాదు పట్టుకోవడం. ఇక స్టీరింగు ముందు కూచోబెట్టారంటే, ఆ స్టీరింగులోంచే ఎయిర్ బ్యాగు పేలుతుంది. అది పెద్దవాళ్ళ ఛాతీ కోసం, బెల్టు పెట్టుకుని దూరంగా కూచున్నవాళ్ళ కోసం చేసింది. మధ్యలో పసిపిల్ల ఉంటే... రాయడానికి చెయ్యి రావట్లేదు.

సరే, ఈ విషయం ఇంతటితో వదిలేస్తాను.

గోంగూర పచ్చడి పట్టింది మీ అమ్మ, నీకోసం విడిగా కారం తగ్గించి. చంటిదానికి పాలిస్తున్నావు కదా, ఎండుమిరపకాయల జోలికి పోకు. నిద్రపోతున్నావా? ఫొటోలో నీ కళ్ళ కింద నల్లగా కనపడింది. ఆ ఫొటోలో కాదు, బారసాల ఫొటోలో.

కార్లో బిగించే పిల్లల సీటు మాటకొస్తే, మీ ఆడపడుచుగారి అబ్బాయిది అటక మీద ఉందని, దాన్ని దులిపి వాడతారని చిన్నత్త ద్వారా విన్నాను. వాళ్ళు ప్రేమగా ఇచ్చేది కాదనకూడదు, నిజమే. కానీ ఆ అబ్బాయి రెండో తరగతికొచ్చాడు. ఆ సీటుని ఒకసారి తిరగేసి చూడు, అడుగున ప్లాస్టిక్కు మీద తయారైన ఏడాది అచ్చుపోసి ఉంటుంది, కొన్నిటి మీద ఎప్పటిదాకా వాడొచ్చో కూడా. ఏళ్ళ తరబడి ఎండకి ఉడికిన ప్లాస్టిక్కు పైకి బాగానే కనపడుతుంది. ఒకసారి యాక్సిడెంటులో ఉన్న సీటైతే అసలు పనికిరాదు, లోపల ఎక్కడ చిట్లిందో మన కంటికి తెలీదు. పైగా అది ముందుకి చూసే సీటు అయ్యుంటుంది. మనదానికి కావలసింది వెనక్కి చూసేది. పసిపిల్లల తల బరువు, మెడ లేత. ముందు నుంచి దెబ్బ తగిలితే తల విసురుగా ముందుకి పోతుంది. సీటు వెనక్కి తిరిగి ఉంటే వీపు, మెడ, తల మూడింటినీ ఆ డిప్పే ఆపుతుంది. ఏడాది నిండగానే ముందుకి తిప్పేయకండి, ఆ సీటు మీద రాసిన కొలత దాటేవరకూ వెనక్కే.

ఇవన్నీ నా సొంత తెలివి కాదు. కార్లు బాగుచేసే సత్తిపండు షెడ్డుకి వెళ్ళి కూచుని చెప్పించుకున్నాను. మన దేశంలో ఈ సీట్లకి ఏఐఎస్-072 అని ప్రమాణం ఉందట. యూరపు వాళ్ళది పాతది ఆర్-44, కొత్తది ఆర్-129. పాతదాంట్లో బరువుని బట్టి లెక్క, 0+ అని ఉంటే 13 కిలోల దాకా. కొత్తదాంట్లో పిల్ల పొడుగుని బట్టి, పక్క నుంచి గుద్దితే ఎలా ఉంటుందో కూడా పరీక్ష చేస్తారు, కనీసం 15 నెలల దాకా వెనక్కే తిప్పి ఉంచాలంటారు. సీటు మీద లేబులు ఉంటుంది, అది లేనిది ఎంత మెత్తగా ఉన్నా, ఎన్ని బొమ్మలున్నా కొనకు. సీటు కొనడానికి కారేసుకునే కొట్టుకి వెళ్ళండి. కొన్ని కార్లలో వెనక బెల్టు పొట్టి, సీటు చుట్టూ తిప్పేసరికి చాలదు. మీ కారు వెనక సీటు మడతలో వేళ్ళు పెట్టి చూడు, ఇనప కడ్డీలు తగిలితే ఐసోఫిక్స్ అని, సీటు తగిలించే ఏర్పాటు ఉన్నట్టు, దానికి తగిన సీటైతే బిగించడం తేలిక. బిగించాక బెల్టు వెళ్ళే చోట పట్టుకుని ఊపితే అంగుళం మించి కదలకూడదు.

ఎడమవైపు వెనక పెట్టించు, దింపేటప్పుడు రోడ్డు మీదకి దిగక్కర్లేదు. ముందు సీట్లో మాత్రం వద్దేవద్దు.

మీ అమ్మ అల్లిన ఊలు స్వెట్టరు బెల్టు బిగించేటప్పుడు విప్పెయ్యి. ఈ మాట ఆవిడకి చెప్పకు. లావు బట్టల మీద బెల్టు బిగిసినట్టే ఉంటుంది గానీ లోపల వదులే. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూడు, మడత దొరికిందంటే ఇంకా బిగించాలి. చలేస్తే దుప్పటి పైన కప్పు. గడ్డం గుండెల మీదకి వాలిపోకుండా చూసుకో, ఊపిరి ఆడదు. అందుకే నిలువుగా కాకుండా వాల్చి పెడతారు.

మీ అత్తగారు "మేం పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని పెంచలేదా, దాన్ని కట్టేసి తీసుకెళ్తారా" అంటారు. అనకపోతే ఆశ్చర్యపోవాలి. ఇక్కడ మీ అమ్మే అంది. పెద్దావిడతో నువ్వు వాదన పెట్టుకోకు. మా నాన్నకి చాదస్తం, సీటు లేకుండా వస్తే గేటు తియ్యనన్నాడు అని నా మీద పెట్టెయ్. అల్లుడుగారికి మాత్రం చట్టం సంగతి మెల్లిగా చెవినెయ్యి. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టంలో 194బి అని ఉంది, 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్టు గానీ సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయలు. వెయ్యి ఆయనకొక లెక్క కాదనుకో, కానీ ఆయన రూల్సు మనిషి.

నీ ఖాతాలో పది వేలు వేశాను. కొబ్బరికాయల డబ్బులే. సారెలో భాగం అనుకోమను, తక్కువైతే చెప్పు.

భోగి ముందురోజు మాత్రం బయల్దేరకండి, పంతంగి టోలు దగ్గరే తెల్లారిపోతుంది. రెండ్రోజులు ముందే రండి, పొద్దున్నే. నార్కట్‌పల్లిలో, సూర్యాపేటలో, నందిగామలో, ఏలూరులో ఆపి చంటిదాన్ని సీట్లోంచి తీసి చదునుగా పడుకోబెట్టు. రెండు గంటలు మించి ఒకే తీరున అందులో ఉంచకూడదు. మధ్యలో ఏడిస్తే బండి ఆపించి పాలివ్వు. నడుస్తుండగా బెల్టు ఊడదీశావంటే ఊరుకోను. తిరుగు ప్రయాణం ముక్కనుమ అయ్యాకే. కనుమనాడు కాకి కూడా కదలదు, మీ అమ్మ మిమ్మల్ని కదలనిస్తుందా?

సీటు కొన్నాక లేబులు ఫొటో తీసి పంపు, సత్తిపండు చూస్తానన్నాడు. ఆవకాయ జాడీలు ఖాళీ అయితే పట్టుకురా. డిక్కీలో పెట్టు, చంటిదాని పక్కన కాదు.

ఆశీస్సులతో
నాన్న