చామాకు ఫొటోలో ఆలొకేషియా: తోటలో ఈ మొక్కల్ని గుర్తుపట్టేదెలా?

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ బెంగళూరు ఎడిషన్ తోట పేజీలో మిద్దె మీద చామాకు పెంచుకోవడం గురించి వేశారు. రాసిన సంగతులు బాగున్నాయి. పక్కన వేసిన ఫొటో మాత్రం చామది కాదు. అందులో ఆకులు నిగనిగలాడుతూ కొసలు పైకెత్తుకుని నిలబడ్డాయి. కాడ వచ్చి ఆకు కింది రెండు చెవుల మధ్య చీలిక దగ్గరే కలిసింది. మొదట్లో మోచేతి లావు మాను నేలపైన కనబడుతోంది. అది ఆలొకేషియా మాక్రోరైజోస్. నర్సరీల్లో ‘ఎలిఫెంట్ ఇయర్’ అంటూ అలంకారానికి అమ్మే మొక్క. దీన్ని అచ్చుతప్పులా వదిలేయడానికి లేదు. వానలు మొదలవగానే మన ఇళ్లలో చామాకు పులుసు, పక్కింటి కన్నడవాళ్ల ఇళ్లలో కెసువిన ఎలెతో (చామాకునే వాళ్లు అలా అంటారు) పత్రొడె అనే ఆవిరి వంటకం చేసుకుంటారు. ఆ ఫొటో చూసి ఎవరైనా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కుండీలో ఉన్న ఆకు కోసుకొచ్చి వండితే నోరూ గొంతూ మండి వాచిపోతాయి. వీలైనంత త్వరగా సవరణ వేయమని కోరుతున్నాను.

చామ, కంద, మనీప్లాంట్, ఆంథూరియం, పీస్ లిల్లీ, డిఫెన్‌బాకియా, ఫిలోడెండ్రాన్, మాన్‌స్టెరా అన్నీ ఆరేసీ అనే ఒకే కుటుంబం. వీటిలో దాదాపు అన్నిటిలోనూ కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. నమిలితే అవి నాలుకలో, గొంతులో గుచ్చుకుంటాయి. కంద తరిగినప్పుడు చేతులు దురద పెట్టేది కూడా అందుకే. ఈ స్ఫటికాలు నీళ్లలో కరగవు కాబట్టి ఒక పొంగు రానిచ్చి దించేస్తే పోవు. మనం కూరకు పెంచే చామ రకాల్లో దురద తక్కువ. దానికి తోడు చింతపండు పులుసులో బాగా ఉడికిస్తాం కాబట్టి తినగలుగుతున్నాం. చింతపండు వేస్తే ఏ ఆకైనా తినొచ్చన్న నమ్మకం కొందరిలో ఉంది. అది చాలా ప్రమాదం.

చామ అంటే కొలొకేషియా ఎస్కులెంటా. దాన్ని గుర్తుపట్టాలంటే ముందు ఆకు వెనక్కి తిప్పి చూడాలి. చామాకు కాడ చీలిక దగ్గర కలవదు. అంచు నుంచి కాస్త లోపలికి, ఆకు మధ్యకు దగ్గరగా వచ్చి అతుక్కుంటుంది. గొడుగు కర్ర గుడ్డకు తగిలినట్టు ఉంటుంది ఆ అతుకు. పైనుంచి చూస్తే అదే చోట ఒక చుక్కలా, చాలా రకాల్లో ఊదారంగులో, కనబడుతుంది. కాడ సరిగ్గా చీలిక మూలలో కలిసిందంటే అది చామ కాదు, అక్కడితో పరీక్ష ముగిసినట్టే. ముదిరిన ఆలొకేషియా మాక్రోరైజోస్‌లోనూ, జాంథోసోమాలోనూ కాడ అలాగే చీలికలో కలుస్తుంది. జాంథోసోమా ఆకు రంగులో, నునుపులో చామను బాగా పోలి ఉంటుంది కాబట్టి చాలామంది మోసపోయేది దానితోనే. దాని కాడ తుంచితే పాలు కారతాయి.

తిరకాసు ఎక్కడంటే, కాడ లోపలికి కలిసినంత మాత్రాన చామ అని తేల్చేయడానికీ లేదు. ఆలొకేషియా లేత మొక్కల ఆకులకు కూడా కాడ లోపలే కలుస్తుంది. మొక్క పెరిగేకొద్దీ ఆ అతుకు చీలిక వైపు జరుగుతుంది. రంగురంగుల ఆకుల కలాడియంకీ కాడ లోపలే. కాబట్టి ఇంకో రెండు సంగతులు చూడాలి. చామాకు మెరవదు. మీద సన్నటి మైనంలాంటి పొర ఉండి, నీళ్లు చిలకరిస్తే బొట్లు బొట్లుగా దొర్లిపోతాయి. ఆలొకేషియా ఆకు మీద నీరు పరుచుకుంటుంది. చామాకు కొస నేలవైపు వాలి ఉంటుంది, ఆలొకేషియాది సాధారణంగా పైకో పక్కకో చూస్తుంది. మట్టి కాస్త తవ్వితే చామకు తల్లిదుంప చుట్టూ పిల్లదుంపలు దొరుకుతాయి. ఆలొకేషియా మాక్రోరైజోస్‌కు మాను నేలపైన లేస్తుంది.

పువ్వు దొరికితే సందేహం పూర్తిగా తీరుతుంది. ఈ కుటుంబమంతటికీ పువ్వు అమరిక ఒకటే: మధ్యలో కండగల కంకి, దాన్ని చుట్టి దొప్పలాంటి ఒక ఆకు. కంకిని స్పాడిక్స్ అనీ దొప్పను స్పేత్ అనీ అంటారు. చామలో, ఆలొకేషియాలో కంకి చివర పూలు లేని మొన ఒకటి ఉంటుంది. జాంథోసోమాలో ఆ మొన ఉండదు, చివరిదాకా మగపూలే. చామకూ ఆలొకేషియాకూ తేడా తెలియాలంటే కంకి అడుగున ఉన్న ఆడపూలలో ఒకదాన్ని బ్లేడుతో అడ్డంగా కోసి పదింతలు పెద్దది చేసే భూతద్దంలో చూడాలి. చామలో విత్తులయ్యే గింజలు చాలా ఉండి, అండాశయం గోడలకు అంటుకుని ఉంటాయి. ఆలొకేషియాలో కొద్దిగానే ఉంటాయి, అడుగునుంచి లేచి ఉంటాయి. కోసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి, ఆ చేత్తో కళ్లు నలుపుకోకండి.

కర్ణాటకలోని మలెనాడు వైపు వాళ్లు పత్రొడెకు మరకెసు అనే ఆకు కూడా వాడతారు. వానాకాలంలో చెట్ల కొమ్మల మీద మొలిచే రెముసేషియా వివిపారా అది. తెలిసినవాళ్ల చేతిలో అది మంచి వంటాకే. కానీ చెట్టు మీద మొలిచిన ప్రతి చామలాంటి ఆకూ అదేనని మనం అనుకోకూడదు. ఎంత తెలిసినా ఆకు ఏదో తేలనప్పుడు వండకపోవడమే నా సలహా.

తినే ఆకుల సంగతి ఇలా ఉంటే, బాల్కనీల్లో పెంచే తీగల పేర్లలో ఇంకా పెద్ద గందరగోళం ఉంది. మనీప్లాంట్ అసలు పేరు ఎపిప్రెమ్నమ్ ఆరియమ్. పసిఫిక్‌లో తాహితి పక్కనున్న మొరేయా దీవి దాని పుట్టిల్లు. అమెరికా ఖండపు అడవుల నుంచి వచ్చిన ఫిలోడెండ్రాన్ హెడరేసియమ్‌ను కూడా ఇక్కడ అదే పేరుతో అమ్ముతున్నారు. హృదయాకారంలో ఆకుపచ్చగా ఉండే ఆకులు రెండిటికీ ఉన్నాయి కాబట్టి ఆకు మొహం చూస్తే తేలదు. కాడ పట్టుకుని చూడండి. మనీప్లాంట్ కాడకు పైవైపున గాడి ఉంటుంది, గాడి రెండు అంచులూ సన్నటి పొరలా లేచి ఉంటాయి. ఫిలోడెండ్రాన్ హెడరేసియమ్ కాడ దాదాపు గుండ్రం. తర్వాత కొత్త ఆకు ఎక్కణ్నుంచి వస్తోందో చూడండి. మనీప్లాంట్‌లో పాత ఆకు కాడ గాడిలోంచే కొత్త ఆకు చుట్టలా బయటపడుతుంది. ఫిలోడెండ్రాన్‌లో ప్రతి కొత్త ఆకూ విడిగా ఒక పల్చటి తొడుగులో పుడుతుంది. ఆకు విచ్చుకున్నాక ఆ తొడుగు ఎండి రాలిపోతుంది. రాలకముందు చూసుకుంటే ఇంతకంటే తేలికైన ఆనవాలు లేదు. కణుపు దగ్గర వేళ్లు కూడా వేరు. మనీప్లాంట్‌కు సాధారణంగా కణుపుకో లావుపాటి మొటిమలాంటి వేరు, ఫిలోడెండ్రాన్‌కు సన్నటివి నాలుగైదు.

ఒకే మొక్క వయసుతో రూపం మార్చుకోవడం ఈ కుటుంబంలో సర్వసాధారణం. కుండీలో జానెడు కూడా మించని మనీప్లాంట్ ఆకు పెద్ద చెట్టుకు ఎగబాకితే రెండు మూడడుగులకు పెరిగి అంచులు చీలుతుంది. నగరంలో పాత చెట్ల మీద అలాంటి తీగను చూసి మాన్‌స్టెరా అనుకునేవాళ్లు ఎందరో. సింగోనియమ్ లేతప్పుడు బాణం మొనలా ఉండి, ఎక్కేకొద్దీ ఐదు నుంచి తొమ్మిది రేకులుగా విడిపోతుంది. దాన్ని తుంచితే తెల్లటి పాలు వస్తాయి, మనీప్లాంట్‌కు రావు. మాన్‌స్టెరా డెలిసియోసా లేత ఆకుల్లో చీలికలూ రంధ్రాలూ ఏమీ ఉండవు. ‘మినీ మాన్‌స్టెరా’ పేరుతో అమ్మేది అసలు మాన్‌స్టెరానే కాదు. అది రాఫిడోఫోరా టెట్రాస్పెర్మా, థాయిలాండ్, మలేషియా మొక్క. ఆకు చిన్నగా ఉన్నప్పుడే చీలిపోవడం, కణుపుల మధ్య దూరం ఎక్కువగా ఉండడం దాని గుర్తులు. ఫోన్‌లో ఫొటో చూసి పేరు చెప్పే యాప్‌లు తరచూ తప్పేది ఈ మొక్కల దగ్గరే. మనం తీసేది ఆకు పైభాగం ఫొటో. అసలు తేడాలేమో ఆకు వెనక, కాడలో, కణుపులో దాగి ఉన్నాయి.

పేరు అడగాలనుకున్నవాళ్లు మొక్క మొత్తం ఒక ఫొటో, ఆకు వెనక కాడ కలిసే చోటు ఒకటి, కాడను అడ్డంగా కోసిన ముక్క ఒకటి, వేళ్లతో సహా కణుపు ఒకటి, విచ్చుకుంటున్న కొత్త ఆకు ఒకటి తీయాలి. పక్కన స్కేలు పెట్టాలి. పువ్వుంటే దొప్ప విప్పి లోపలి కంకి కనబడేలా తీయాలి. ఎక్కడ కొన్నారో, ఎప్పుడు కొన్నారో రాస్తే ఇంకా మంచిది. కుండీకి వచ్చిన చీటీ తప్పయినా సరే పారేయకండి. ఏ పేరుతో అమ్మారన్నది కూడా ఒక ఆధారమే.

డిఫెన్‌బాకియా, ఆగ్లోనిమా తేడా గురించి ఒక్క మాట. డిఫెన్‌బాకియాలో నడిఈనె మొదట్లో వెడల్పుగా, కండగా ఉంటుంది, కాండం లావు. ఆగ్లోనిమా అన్నిటా సన్నం. పసిపిల్లలున్న ఇంట్లో డిఫెన్‌బాకియా అందేంత ఎత్తులో ఉండకూడదు. పిల్లలు కొరికితే నోట్లో ముక్కలు తీసేసి, చల్లటి నీళ్లతో కడిగి, కాస్త పాలు పట్టాలి. వాంతి చేయించకూడదు. వాపు పెరిగినా, మింగడానికీ ఊపిరి తీసుకోవడానికీ కష్టమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఆకు కూడా తీసుకెళ్లాలి.

ఇక పేరు రాసే పద్ధతి. ముందు ప్రజాతి (జీనస్), తర్వాత జాతి (స్పీషీస్), రకానికి విడిగా పేరుంటే దాన్ని ఒంటి కొటేషన్లలో రాయాలి. ఎపిప్రెమ్నమ్ ఆరియమ్ ‘మార్బుల్ క్వీన్’ అన్నట్టు. జాతి తెలియనప్పుడు ప్రజాతి ఒక్కటి రాసి ఆపడం మేలు, ఊహించి రాయడం కంటే. పాత పేర్లూ తెలిసి ఉండాలి. మనీప్లాంట్‌కు 1880లో పోథోస్ ఆరియస్ అని పేరు పెట్టారు, తర్వాత సిండాప్సస్‌లోకి, రాఫిడోఫోరాలోకి మార్చారు, 1960లలో ఎపిప్రెమ్నమ్ దగ్గర కుదిరింది. అన్ని ఇళ్లు మారడానికి కారణం అది పూయకపోవడమే. పూతకు కావాల్సిన గిబ్బరెల్లిన్ హార్మోన్‌ను ఈ మొక్క సరిగా తయారుచేసుకోలేదు. అందుకే ఇప్పటికీ పుస్తకాన్ని బట్టి పోథోస్ అనీ సిండాప్సస్ అనీ కనబడుతుంది. తోటల్లో సెలోమ్ అని పిలిచే పెద్ద మొక్క 2018 నుంచి ఫిలోడెండ్రాన్ కాదు, థామటోఫిల్లమ్. పేరులో ఊరు ఉంటే అది పుట్టిన చోటనీ అనుకోకండి. తెల్లటి ఈనెల ఆలొకేషియా ‘అమెజోనికా’ ఆసియా జాతుల సంకరం. అమెరికాలో దాన్ని తయారుచేసిన నర్సరీ పేరు అమెజాన్, అంతే. ఆరమ్ లిల్లీ అనే తెల్లపూల జాంటెడెషియా దక్షిణాఫ్రికాది, అది ఆరమూ కాదు లిల్లీ కూడా కాదు.

నర్సరీల వాళ్లకు ఒక విన్నపం. ‘ఇంపోర్టెడ్ ఫిలో’, ‘రేర్ పోథోస్’ అని రాసి వందలూ వేలూ తీసుకుంటున్నప్పుడు శాస్త్రీయనామం ఒక వరుస రాయడం కష్టం కాదు. లాల్‌బాగ్‌లో జనవరి, ఆగస్టు పూల ప్రదర్శనలకు వచ్చే జనం కూడా కొనేముందు ఆ పేరు అడగాలి. మచ్చల రకాలు కొన్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. కొన్ని కొమ్మలు మచ్చలు పోయి పూర్తి పచ్చగా తిరిగిపోతాయి. పచ్చటివి బలంగా పెరిగి మిగతావాటిని మింగేస్తాయి కాబట్టి, మచ్చలున్న చివరి కణుపు వరకు కత్తిరించేయాలి. వదిలేస్తే ఏడాది తిరిగేసరికి చీటీ మీద పేరొకటి, కుండీలో మొక్కొకటి.

చీటీ మీద మార్కర్ పెన్ను రాత బెంగళూరు ఎండకు నెలల్లో వెలిసిపోతుంది. ప్లాస్టిక్ చీటీ మీద 2బి పెన్సిల్‌తో రాస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇంకా గట్టిది కావాలంటే కూల్‌డ్రింక్ డబ్బా రేకును రెండు సెంటీమీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవున కత్తిరించి, అంచులు మడిచి, మెత్తటి అట్ట మీద పెట్టి బాల్‌పెన్నుతో నొక్కి రాయాలి. సిరా పోయినా గాడి పోదు. దాన్ని కుండీ అంచుకు కట్టండి. కాండానికి కడితే అది లావెక్కేకొద్దీ కట్టిన వైరు లోపలికి కోసుకుపోతుంది.

కలాడియం, కంద లాంటి దుంపల కుండీలకు ఈ చీటీ మరీ అవసరం. చలికాలం వచ్చేసరికి వాటి ఆకులు పూర్తిగా ఎండిపోయి కుండీ ఖాళీగా కనబడుతుంది. మొక్క చచ్చిందని పారేసేవాళ్లు కొందరు, బతికించాలని రోజూ నీళ్లు పోసి దుంపను కుళ్లబెట్టేవాళ్లు కొందరు. ఆకు వాడిపోగానే నీళ్లు ఆపేసి, చీటీ మీద పేరుతో పాటు ఆకు పోయిన నెల రాసి, కుండీని వాన తగలని చోట పక్కకు పెట్టాలి. వేసవి జల్లులు పడగానే కందకు ఆకు కంటే ముందు పువ్వే రావచ్చు. ఊదారంగు పెద్ద పువ్వు, కుళ్లిన మాంసం వాసన. ఎలుక చచ్చిందని మిద్దె అంతా వెతికే ముందు ఆ కుండీ వైపు చూడండి. ఆ వాసన ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, దానికోసం దుంప తవ్వి పారేయనక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
జయనగర్, బెంగళూరు