ఫోటో సరే, కబురు ముందు చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా జులై 7న మీ పేపర్లో ఒక ఫోటో వస్తుంది. పశువుల ఆసుపత్రి ముందు షామియానా, ఎమ్మెల్యే గారి చేతుల్లో బెదిరిపోయిన కుక్కపిల్ల, పక్కన సిరంజి పట్టుకుని డాక్టరు గారు. నిన్న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు అంటే జబ్బుల గురించిన రోజు) సందర్భంగా కుక్కలకు రేబిస్ టీకాలు ఉచితంగా వేశారని కింద రాస్తారు (1885 జులై 6న పాశ్చర్ అనే శాస్త్రవేత్త ఒక పిల్లాడికి రేబిస్ టీకా వేయించాడు, అందుకే ఆ రోజు). వేశారని చదువుకుని మేమేం చేసుకోవాలండీ? వేస్తారని నాలుగు రోజుల ముందు రాస్తే మా రాజుగాడిని కూడా ఆటో ఎక్కించేవాళ్లం కదా.

రాజుగాడంటే మా కుక్క, నాటుదే, నాలుగేళ్లుంటాయి. మొన్న వేసవిలో రెండు రోజులు పెరుగన్నం ముట్టలేదు, ఒళ్లు వేడిగా ఉందని మా ఆయన తను వేసుకునే జ్వరం మాత్రే సగం విరిచి బెల్లంలో పెట్టి మింగించారు. మూడో రోజు ముక్కులోంచి నెత్తురు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి. మా ఊరి ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయరు, టౌనుకి పరిగెత్తితే అక్కడ తేలింది, పిడుదుల జ్వరమని, ప్లేట్‌లెట్లు పడిపోయాయని. మాత్ర సంగతి చెప్పగానే డాక్టరు గారు కస్సుమన్నారు. మనుషుల జ్వరం మాత్రలు, నొప్పుల మాత్రలు కుక్కల లివర్‌నీ కిడ్నీలనీ పాడుచేస్తాయట. సెలైన్లు ఎక్కించి, 28 రోజులు డాక్సీసైక్లిన్ రాశారు. బతికాడు.

అక్కడి కాంపౌండర్ రాజుగాడి చెవి మడత తిప్పి చూపించాడు, లోపల పిడుదులు ఆముదం గింజల్లా బూడిదరంగులో ఉబ్బి అతుక్కున్నాయి. "ఇవి కొన్నేనమ్మా, మిగతావి మీ గోడ పగుళ్లలో ఉంటాయి" అన్నాడు. నిజమే, వరండా గోడ మూల అగ్గిపుల్ల వెలుతురులో చూస్తే బిలబిలమని పిల్ల పిడుదులు. మా వీధిలో వీటికి కిరసనాయిలు పూస్తారు, చర్మం ఊడొస్తుంది తప్ప లాభం లేదు.

అప్పట్నుంచీ కుక్కలున్న వాళ్లందరూ నన్నే అడుగుతున్నారు, నేనేదో డాక్టర్ని అయినట్టు. ముక్కు ఎండితే జ్వరమేనా అని. కాదండీ, దానికి థర్మామీటరే దారి, కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీలు, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. గేటు దాటని కుక్కకి రేబిస్ టీకా ఎందుకు అని ఇంకొకరు, గేటు కింద నుంచి వీధికుక్క మూతి రాదా? చికెన్ వండిన బొమికలు వేయకండి, చీలి గొంతులో పేగులో గుచ్చుకుంటాయి. ఎదురింటి వాళ్లదైతే పాపం మరీ ఘోరం, కుక్కపిల్ల రక్తవిరేచనాలతో పోయింది, పార్వో అనే వైరస్ జబ్బు. పిల్లలు ఏడుస్తున్నారని పది రోజుల్లో ఇంకో పిల్లని తెచ్చారు, అదీ పోయింది. ఆ వైరస్ నేలలో నెలల తరబడి చావదని, పిల్లకి 6–8 వారాల వయసులోనే టీకా మొదలుపెట్టి 16 వారాలు నిండేదాకా 3–4 వారాలకోసారి వేయించాలని వాళ్లకి చెప్పిన నాథుడు లేడు.

గేదెల గాలికుంటు గురించి మీ రైతు పేజీలో చక్కగా రాస్తారు, కత్తిరించి దాచుకున్నాను కూడా. కుక్కల గురించి వచ్చేది కరిచినప్పుడే. వారానికి నాలుగు ప్రశ్నలు, ఒక పశువైద్యుడి జవాబులు, సినిమా పేజీలో ఓ మూల ఇచ్చినా చాలు. అది కుదరకపోయినా, ఈసారి టీకాలు ఏ ఊళ్లో ఏ టైముకి వేస్తారో జులై 2, 3 తేదీల్లోనే జిల్లా పేజీలో వేయండి. ఆటో మాట్లాడుకుంటాం.

– ఒక పాఠకురాలు,
పశ్చిమ గోదావరి జిల్లా