పునర్విభజన ముసాయిదా పోలింగ్ కేంద్రాల వారీగా కావాలి

సంపాదకులకు,

నియోజకవర్గాల పునర్విభజన అనగానే ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ సీట్లు, మన అసెంబ్లీ 119 నుంచి 153కు పెరుగుతుందా అన్న చర్చే నడుస్తోంది. అవి పెద్ద విషయాలే, కాదనను. కానీ నగరంలో ఉండే ఓటరు నాలా పొంగితే ఏ ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లాలో తేల్చేది సీట్ల సంఖ్య కాదు, గీత ఏ వీధి మీదుగా పోయిందన్నది. దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఖైరతాబాద్ నియోజకవర్గం చరిత్ర చూస్తే ఈ నిర్లక్ష్యం ఎంత దూరం తీసుకెళ్తుందో అర్థమవుతుంది.

ఆ నియోజకవర్గం 1971 జనాభా లెక్కల ఆధారంగా 1976లో ఖరారైన హద్దులతో 1978 నుంచి 2004 వరకు ఏడు సాధారణ ఎన్నికలు చూసింది. 42వ రాజ్యాంగ సవరణ సీట్ల సంఖ్యతో పాటు హద్దులనూ 2000 తర్వాతి జనగణన దాకా కదలకుండా కట్టేసింది మరి. 1971లో ఆంధ్రప్రదేశ్ జనాభా 4.35 కోట్లు. 294 సీట్లకు పంచితే సీటుకు సుమారు లక్షా 48 వేలు. ఆ కొలతతో గీసిన ఖైరతాబాద్‌లో కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి వైపు పల్లెలూ ఉన్నాయి. 1978లో రంగారెడ్డి జిల్లా విడిపోయినా అసెంబ్లీ హద్దు మారలేదు. ఆ పల్లెల్లోకే హౌసింగ్ బోర్డు కాలనీ వచ్చింది, 1998లో సైబర్ టవర్స్ వచ్చింది. పి. జనార్దనరెడ్డి అక్కడి నుంచి ఐదుసార్లు గెలిచారు, 1999లో కె. విజయరామారావు గెలిచారు. ఎవరు గెలిచినా బంజారాహిల్స్ బస్తీల నుంచి మియాపూర్ దాకా ఒక్క ఎమ్మెల్యేనే దిక్కు.

2002 పునర్విభజన చట్టం కింద జస్టిస్ కుల్దీప్ సింగ్ నేతృత్వంలోని పునర్విభజన కమిషన్ వచ్చాక లెక్క మారింది. 2001లో రాష్ట్ర జనాభా 7.62 కోట్లు, సీటుకు సగటు 2.59 లక్షలు. ఒక్కో సీటు జనాభా దానికి పది శాతం అటూ ఇటూ ఉండొచ్చు. హైదరాబాద్ జిల్లా జనాభా 38.3 లక్షలను ఆ సగటుతో భాగిస్తే 14.8 వస్తుంది. అలా 13 సీట్లు 15 అయ్యాయి. హిమాయత్‌నగర్, మహారాజ్‌గంజ్, ఆసిఫ్‌నగర్ నియోజకవర్గాలు రద్దయ్యాయి. జూబ్లీహిల్స్, అంబర్‌పేట, నాంపల్లి, గోషామహల్, బహదూర్‌పురా పుట్టాయి. కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి విడి నియోజకవర్గాలై రంగారెడ్డి జిల్లా 14 సీట్లలో చేరాయి.

లెక్క బాగానే కుదిరింది. చిక్కంతా హద్దులను కాగితం మీద రాసిన తీరులో వచ్చింది. కమిషన్ 2004 ఫిబ్రవరి 15 నాటి పాలనా విభాగాలను ప్రమాణంగా తీసుకుంది. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు పాత హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసి జీహెచ్‌ఎంసీ ఏర్పడింది. 2008 ఫిబ్రవరి 19న అమల్లోకి వచ్చిన పునర్విభజన ఉత్తర్వు మాత్రం అప్పటికే రద్దయిన మున్సిపాలిటీల పేర్లతో, పాత కార్పొరేషన్ వార్డు నంబర్లతో ఉంది. ఇంటి నంబరు 6-3తో మొదలైతే 6వ వార్డు, 3వ బ్లాకు. 8-2 అయితే 8వ వార్డు, 2వ బ్లాకు. జీహెచ్‌ఎంసీ తర్వాత గీసిన 150 డివిజన్లకు ఈ నంబర్లతో పొంతనే లేదు. ఉత్తర్వు చేతిలో పట్టుకుని తన వీధి ఎటు పోయిందో సామాన్యుడు తేల్చుకోవడం అసాధ్యం.

పేర్లూ దారి తప్పించేవే. జూబ్లీహిల్స్ డివిజన్ ఉన్నది ఖైరతాబాద్ నియోజకవర్గంలో. జూబ్లీహిల్స్ ఎమ్మెల్యేను ఎన్నుకునేది యూసుఫ్‌గూడ, బోరబండ, రహ్మత్‌నగర్, ఎర్రగడ్డ ఓటర్లు. దానికి తోడు, జనార్దనరెడ్డి మరణంతో 2008లో వచ్చిన ఉప ఎన్నిక పాత హద్దులతోనే జరిగింది. ఉన్న సభ రద్దయ్యే దాకా పాత హద్దులే చెల్లుతాయన్నది చట్టం. ఏడాది తిరక్కుండానే, 2009లో, అదే ఓటర్లు కొత్త హద్దులతో వేర్వేరు నియోజకవర్గాల్లో ఓటేశారు.

ఇప్పుడు మళ్లీ అదే ఘట్టం దగ్గరికొచ్చాం. 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో సీటుకు సగటు 2.94 లక్షలు. హైదరాబాద్ జిల్లాలో అది 2.63 లక్షలే, ఉమ్మడి రంగారెడ్డిలో 3.78 లక్షలు. సీట్లు 119గానే ఉంచి ఆ లెక్కతో గీస్తే హైదరాబాద్‌కు 13, రంగారెడ్డికి 18 రావాలి. అంటే నగరం నడిబొడ్డున సీట్లు పెరుగుతాయన్న ధీమా సరికాదు. బరువు శివార్లలో ఉంది. 2023లో శేరిలింగంపల్లి ఓటర్లు 7.3 లక్షలు, భద్రాచలంలో లక్షన్నర లోపు.

అందుకే ఎన్నికల సంఘాన్ని, రాబోయే కమిషన్‌ను కోరేది ఇది: ముసాయిదాతో పాటు ఒక పట్టిక ఇవ్వాలి. ఇప్పటి నియోజకవర్గం, ఓటరు జాబితాలో పార్టు (ఒక్కో పోలింగ్ కేంద్రానికి ఉండే జాబితా భాగం) నంబరు, పోలింగ్ కేంద్రం, ఎదురుగా ప్రతిపాదిత నియోజకవర్గం. ప్రతి పార్టు మొదటి పేజీలో వీధుల పేర్లు ఉంటాయి కాబట్టి ఏ కాలనీ ఎటు పోతోందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. తెలుగులోనూ, ఉర్దూలోనూ ఇవ్వాలి. ప్రతిపాదనలను గెజిట్‌తో పాటు 'తగిన ఇతర పద్ధతిలోనూ' ప్రచురించవచ్చని 2002 చట్టమే చెప్పింది. ఆ వెసులుబాటు ఈసారి పునర్విభజనకు తెచ్చే కొత్త చట్టంలోనూ ఉండాలి.

కాలనీ సంఘాలకూ ఒక మాట. అభ్యంతరం చెప్పే అవకాశం ముసాయిదా దశలోనే. తుది ఉత్తర్వును ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదని చట్టంలో ఉంది. కమిషన్‌లో సహాయ సభ్యులుగా కూర్చునే ఐదుగురు ఎంపీలకు, ఐదుగురు ఎమ్మెల్యేలకు ఓటు హక్కు లేదు, కాబట్టి వారి మాట మీదే భరోసా పెట్టుకోవద్దు. "మా కాలనీని పక్క సీటులో కలపండి" అని మాత్రమే రాస్తే ఆ విజ్ఞప్తి నిలవదు. మీరు వెళ్లిపోతే తగ్గే జనాభాను ఏ బ్లాకులతో పూడ్చాలో, రెండు సీట్లూ పది శాతం పరిధిలో ఎలా ఉంటాయో అంకెలతో చూపించాలి. సగటు 2.94 లక్షలైతే ఆ వెసులుబాటు 29 వేలే. రోడ్డు, రైలు పట్టాలు, మూసీ వంటి హద్దులు మీ వాదనకు కలిసొస్తే వాటినీ చెప్పండి. భౌగోళిక స్వరూపాన్ని, రాకపోకల సౌకర్యాన్ని చూడాలని చట్టమే కమిషన్‌ను ఆదేశిస్తోంది. బహిరంగ విచారణకు వచ్చేటప్పుడు మీ పార్టు నంబర్లు రాసుకుని రండి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్