పాప మొదటి పుట్టినరోజు: మిత్రుడికి ఒక ఉత్తరం

తిరుపతి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ పాపకు ఆగస్టు నెల మధ్యలో ఏడాది నిండుతుందనీ, ఫంక్షన్ హాలు మాట్లాడవలసిందేనని మీ మామగారు, ఇంట్లోనే చేద్దామని మీ ఆవిడ పట్టుపట్టి కూర్చున్నారనీ, మొన్న మే నెలలో మేము మా పాపకు ఎలా జరిపామో వివరంగా రాయమనీ అడిగావు. ఈ విషయంలో నాకు చెప్పవలసినది చాలా ఉంది కనుక తీరికగా రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. ఏడాది బిడ్డకు ఆకలి, నిద్ర, అమ్మ ఒడి, రోజూ చూసే నాలుగు ముఖాలు తెలుసు, పండుగ తెలియదు. పైగా కొత్తవారిని చూసి బెదిరి తల్లిని కరచుకునే వయసు సరిగ్గా ఇదే. అందుచేత ఆ రోజును పాప నిద్రవేళకూ తిండివేళకూ అనుగుణంగా అమర్చుకోవాలనీ, మిగిలిన ముచ్చట్లన్నీ ఆ హద్దులోనే ఉండాలనీ నేనూ మా ఆవిడా ముందే గట్టిగా అనుకున్నాము. మా వేడుకలో ప్రతి నిర్ణయమూ ఆ ఒక్క మాట నుంచే వచ్చింది.

మా బంధువుల ఇళ్ళలో ఈ పుట్టినరోజులు ఎలా జరుగుతాయో నీకు తెలియనిది కాదు. రాత్రి ఎనిమిది దాటాక, అంటే పసిబిడ్డలు నిద్రకు తూగే వేళకు, కేకు కోస్తారు. జిగేలుమనే దీపాల మధ్య, గరగరలాడే పట్టుబట్టల్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తూ ఉంటే, ఫోటో కోసం చేతులు మార్చి మార్చి ఎత్తుకుంటారు. ఆ ఏడుపు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఇక చదివింపుల సంగతి వేరే ఉంది. ఎవరు ఎంత చదివించారో పుస్తకంలో రాసుకుంటాము. రేపు వారింట్లో శుభకార్యం జరిగితే అంతకు తగ్గకుండా మనమూ పెట్టాలి. ఇంకా మాట కూడా సరిగా రాని బిడ్డ పేరున ఇంతమందితో ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క మొదలుపెట్టడం నాకు ఏ మాత్రమూ నచ్చలేదు. మా నాన్నగారికి ఇదే మాట నిదానంగా చెబితే, రెండు రోజులు మౌనంగా ఉండి, చివరకు తానే అందరికీ ఫోన్లు చేసి, కవర్లు తేవద్దని, అక్షింతలు వేసి దీవించి భోంచేసి వెళ్ళమని చెప్పారు. పెద్దవారి నోట వచ్చిన మాట కనుక ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. నీవు కూడా ఆ మాట మీ మామగారి చేతనే చెప్పించు.

ఏ రోజున చేయాలన్నది రెండవ చర్చ. మా అమ్మ జన్మనక్షత్రం ప్రకారమని, మా ఆవిడ తేదీ ప్రకారమని అన్నారు. నక్షత్రం వచ్చిన రోజున కోదండరామస్వామి గుడిలో పాప పేరున, గోత్రంతో అర్చన చేయించి, తేదీ నాడు ఇంట్లో భోజనాలు పెట్టుకున్నాము. ఆ తేదీ తాతయ్యగుంట గంగమ్మ జాతర రోజుల్లో పడింది. చాటింపు వేసిన తరువాత ఊరివారు పొలిమేర దాటి వెళ్ళరాదన్న ఆచారాన్ని మా ఇంట్లో ఇప్పటికీ పాటిస్తాము కనుక, ఊరు విడిచి ఎక్కడికో వెళ్ళి చేద్దామన్న ప్రస్తావనే రాలేదు. మే నెలలో తిరుపతి ఎండ సంగతి నీకు చెప్పనక్కరలేదు. పాప నిద్రలేచి ఒక పూట తిన్న తరువాత, ఎండ ముదరక ముందే అంతా ముగించాలని నిశ్చయించుకున్నాము.

ఆ ఉదయం మా అమ్మ పాపకు నువ్వుల నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి నీళ్ళు పోసింది. పలుచని నూలు గౌను తొడిగాము. తూర్పు ముఖంగా మా నాన్నగారి ఒడిలో కూర్చోబెట్టి హారతి ఇచ్చి, పెద్దవారందరూ వరుసగా అక్షింతలు వేశారు. కొవ్వొత్తులు వెలిగించి ఆర్పే పద్ధతి వద్దనుకున్నాము; దీపం వెలిగించి మొదలుపెట్టే మన పద్ధతే నాకు ప్రీతి. మా అత్తగారు గుంటూరు వైపు వారు. అంతకు కొద్దిరోజుల ముందే పాప గోడ పట్టుకోకుండా రెండడుగులు వేసింది కనుక, అడుగులకు అరిసెలని పట్టుబట్టి, చిత్తూరు బెల్లం తెప్పించి స్వయంగా వండారు. పాపను వాటిమీద నడిపించి అందరికీ పంచారు. ఆ రోజంతటిలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం అదే. కొన్న కేకు ఏదీ అంతటి ఆనందాన్ని ఇవ్వలేదని నా నమ్మకం.

అతిథులకు పులిహోర, వడలు, పప్పు, ఓళిగలు (బొబ్బట్లు) వడ్డించాము. పాపకు మాత్రం మెత్తగా ఉడికించిన రాగి సంగటిలో కాస్త నెయ్యి, ఆ తరువాత బాగా పండిన బేనీషా మామిడి గుజ్జు. రెండేళ్ళు నిండేవరకు పిల్లల తిండిలో చక్కెర కలపవద్దని పిల్లల వైద్యులు చెబుతున్నారు. పండులోని తీపి వారికి చాలు. తేనెను ఏడాది లోపు నాకించనే కూడదు, ఎందుకంటే అందులో ఉండే అవకాశమున్న బోటులినం బీజాలను తట్టుకునే శక్తి పసిపేగులకు ఉండదు. వేరుశనగ గింజలు, కోయని ద్రాక్షపళ్ళు గొంతుకు అడ్డం పడతాయి కనుక పిల్లలకు అందేచోట వాటిని ఉంచకు. బెలూన్లు కూడా వద్దు, పగిలిన రబ్బరు ముక్క నోట్లోకి పోతే ఊపిరి ఆడదు. మేము గుమ్మానికి మామిడాకులు, బంతిపూలు కట్టాము. వాకిట్లో మా చెల్లెలు పెద్ద ముగ్గు వేసింది. పాప ఎంతోసేపు ఆ పూలనే చూస్తూ కూర్చుంది. భోజనాలు ముగిసేసరికి ఆమె తన మామూలు వేళకే ఉయ్యాలలో నిద్రపోయింది, వచ్చినవారు గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు.

మరునాడు అంగన్‌వాడీకి తీసుకువెళ్ళి బరువు తూయించాము. ఏడాదికి పిల్లలు పుట్టినప్పటి బరువుకు సుమారు మూడింతలు అవుతారంటారు, మా పాప ఆ లెక్కకు దగ్గరగానే ఉంది. తల్లీబిడ్డల కార్డులో ఆ అంకె రాయిస్తుంటే మా ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఏడాదిపాటు రాత్రింబవళ్ళు పాలిచ్చి సాకిన తల్లికి అది ఎంతటి సంతృప్తో ఆ క్షణంలో నాకు తెలిసింది. ఆ రోజున మీ ఆవిడకు కూడా ఒక కొత్త చీర పెట్టి, వంటపని నుంచి విశ్రాంతి ఇవ్వు. అది ఆమెకు కూడా పండుగే.

హాలుకు కావలసిన డబ్బులో కొంత భాగంతో పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరిచాము. పదేళ్ళలోపు ఆడపిల్ల పేరున తెరవవచ్చు; ఏడాదికి కనీసం 250 రూపాయల నుంచి లక్షన్నర వరకు 15 ఏళ్ళపాటు కట్టాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్ళకు గడువు తీరుతుంది. మరికొంత శ్రీవారి అన్నప్రసాదం ట్రస్టుకు ఇచ్చాము. ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1985లో కొండపైన మొదలైన నిత్యాన్నదానమే అది. మా నాన్నగారికి దానిపై ఎంతో అభిమానం. కవరు ఇవ్వకుండా ఉండలేమన్న ఇద్దరు ముగ్గురు బంధువులను కూడా ఆయన అక్కడికే పంపమన్నారు.

ఇక నీవు వెంటనే ఆలోచించవలసినది పుట్టువెంట్రుకల సంగతి. బేసి నెలలో తీయించడం మన ఆనవాయితీ కదా, మీ పాపకు జూన్ మధ్య నుంచి జూలై మధ్య వరకు పదకొండవ నెల. ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులను తిరుమలలో సుపథం మార్గం నుంచి దర్శనానికి పంపుతారు, అందువల్ల క్యూలో బిడ్డతో గంటల తరబడి వేచి ఉండే బాధ తప్పుతుంది. ఏడాది నిండితే ఆ వీలు ఉండదు. బిడ్డ జనన ధ్రువపత్రం, మీ ఇద్దరి ఆధార్ కార్డులు తప్పక తెచ్చుకోండి. కల్యాణకట్టలో తలనీలాలు తీయడానికి రుసుము ఏమీ లేదు. కొండపైన తెల్లవారుజామున చలిగాలి తగులుతుంది, గుండు చేయించిన వెంటనే కప్పడానికి మెత్తని టోపీ ఒకటి దగ్గర ఉంచుకోండి. ముందురోజు మా ఇంట్లోనే దిగండి. పిల్లలిద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, మనమూ తీరికగా మాట్లాడుకోవచ్చు. రైలు టికెట్లు దొరికిన వెంటనే తేదీ తెలియజేయి, నేను సెలవు పెట్టుకోవాలి. మీ ఆవిడకు మా ఇద్దరి నమస్కారాలు, పాపకు ఆశీస్సులు.

నీ మిత్రుడు