కొత్త ఎస్‌యూవీల బాడీ లోపాలు జాబ్‌కార్డుకు ఎక్కాలి

సంపాదకులకు,

కొత్త ఎస్‌యూవీ కొన్నవాళ్ల నుంచి తొలి వానాకాలంలో వినిపించే ఫిర్యాదులు ఇంచుమించు ఒకటే. కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తోంది, డిక్కీ తలుపు విసిరికొడితే తప్ప పడటం లేదు, బానెట్ పక్క సందు ఒకవైపు ఎక్కువ, రెండోవైపు తక్కువ. సర్వీస్ సెంటర్లు వీటిని పైపై లోపాలుగా కొట్టిపారేస్తున్నాయి. ఇది చాలా తప్పు. నేడు అమ్ముడవుతున్న ఎస్‌యూవీల్లో ఎక్కువ మోనోకాక్ బండ్లే. వాటికి విడిగా ఛాసిస్ ఉండదు, బరువు మోసేది బాడీయే. సందుల్లో తేడా వచ్చినా, అతుకు దగ్గర నీరు చొరకుండా పూసే సీలర్ పగిలినా కారణం తేల్చాల్సిందే.

నీళ్ల సంగతి చూడండి. సన్‌రూఫ్ చుట్టూ ఉన్న గాడిలో పడే వాన నీరు మూలల్లోని సన్నని గొట్టాల గుండా, రూఫ్‌ను మోసే పిల్లర్ల లోపలి నుంచి కిందికి దిగిపోవాలి. గొట్టం ఊడినా, ఆకులూ దుమ్మూ అడ్డుపడినా ఆ నీరు రూఫ్ లైనింగ్‌లోకి, అక్కణ్ణుంచి కార్పెట్ అడుగుకి చేరుతుంది. అడుగున ఉండేది మందపాటి ఫోమ్. పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది, కింద వారాల తరబడి తడి ఆరదు. సీటు కింద కనిపించే పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి, అవి తుప్పు పడితే హెచ్చరిక దీపం వెలుగుతుంది. కార్పెట్ ఎండబెట్టి సెంటు కొట్టి పంపితే అది రిపేరు కాదు. ట్రిమ్ (లోపలి ప్లాస్టిక్ తొడుగులు) విప్పి, ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి. ఇంకొకరు పైపుతో కింది నుంచి పైకి, ఒక్కోచోట ఐదేసి నిమిషాలు నీళ్లు పట్టాలి. మొదట డోర్లు, తర్వాత అద్దం అంచులు, ఆఖరున రూఫ్. పైనుంచి మొదలుపెడితే నీరు ఎక్కడ దూరిందో దొరకదు. పూడిన గొట్టంలోకి కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టకూడదు, లోపలి జాయింటు ఊడిపోతుంది.

రవాణాలో గీతలు పడి మళ్లీ రంగు వేసిన బండిని పట్టుకోవడానికి రంగు పొర మందం కొలిచే పెయింట్ గేజ్ చాలు. కంపెనీ పెయింట్ సాధారణంగా 90 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటుంది. ఒక్క ప్యానెల్ మాత్రం 250 దాటితే అనుమానించాలి, 500 దాటితే కింద పుట్టీ ఉన్నట్టే. ప్లాస్టిక్ బంపర్ల మీద ఈ గేజ్ పనిచేయదు. ఈ పరీక్ష రిజిస్ట్రేషన్‌కు ముందే జరగాలి. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడల్లో అండర్‌బాడీ కోటింగ్ చేయించుకునేవారు డోర్ల అడుగున, సిల్స్‌లో (డోర్ల కింద పొడవునా ఉండే బాడీ అంచుల్లో) ఉన్న నీటి రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోవాలి. అవి మూసుకుంటే తుప్పు లోపలినుంచే తినేస్తుంది.

అసలు నష్టం సర్వీస్ సెంటర్ మన ఫిర్యాదు రాసుకునే జాబ్‌కార్డు దగ్గర జరుగుతోంది. యజమాని 'ఎడమవైపు ముందు కార్పెట్ కింద నీరు' అని చెబితే అక్కడ 'జనరల్ చెకప్, ఓకే' అని రాస్తున్నారు. ఒకే లోపం వంద బండ్లలో ఉన్నా ఈ రాతల్లో అది బయటపడదు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రీకాల్ (లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి సరిచేయడం) నిబంధనలు ఏడేళ్లలోపు బండ్లకు వర్తిస్తాయి. అందులోనూ ఎన్ని ఫిర్యాదులు వచ్చాయన్నది కీలకం. కాబట్టి షోరూమ్‌తో ఆగకుండా కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయాలి. పరిహారానికి 1915 హెల్ప్‌లైన్ ఉంది. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే తమ జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు, గడువు రెండేళ్లు. లోపం ఉందా లేదా అన్నది ల్యాబ్ పరీక్షతో తేల్చమని కమిషన్‌ను కోరవచ్చు. అప్పుడు చేతిలో ఉండాల్సినవి తేదీ ఉన్న ఫొటోలు, మన మాటల్లోనే రాసిన జాబ్‌కార్డులు.

డెలివరీకి ముందు చేసిన తనిఖీ పత్రాన్ని, ప్రతి ప్యానెల్ పెయింట్ రీడింగ్‌తో సహా, కొనుగోలుదారు చేతికి ఇవ్వాలని రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు డీలర్లను ఆదేశించాలి.

- కొందరు బాడీషాపు నిపుణులు, విశాఖపట్నం