ఫోటోగ్రాఫర్ వెబ్‌సైటుకు జీబీలు కొలత కాదు

సంపాదకులకు నమస్కారం.

ఫోటోగ్రాఫర్లు సొంత వెబ్‌సైటు పెట్టుకోవడం గురించి మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. సోషల్ మీడియా ఖాతా ఒక్కటే నమ్ముకోవద్దన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. హోస్టింగ్ (సైటు ఫైళ్లను సర్వర్‌లో అద్దెకు ఉంచే సేవ) దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'ఎక్కువ స్థలం ఇచ్చే ప్లాన్ చూసుకోండి, అన్‌లిమిటెడ్ అయితే మరీ మంచిది' అని తేల్చేశారు. ఫోటోలు ఎక్కువ కాబట్టి స్థలమూ ఎక్కువ కావాలన్న లెక్క వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ స్థలం చాలక ఆగిపోయే పోర్ట్‌ఫోలియో సైట్లు చాలా అరుదు. అవి ఆగేది వేరేచోట్ల. ఆ చోట్లేవీ ప్రకటనల్లో పెద్దక్షరాలతో కనిపించవు.

పోర్ట్‌ఫోలియో అంటే తీసినవన్నీ కాదు, ఏరినవి. 150 ఫోటోలు పెట్టారంటే అదే ఎక్కువ. ఒక్కోదాన్ని పొడవు వైపు 2048 పిక్సెళ్లకు కుదించి, జేపెగ్ క్వాలిటీ 75–80 మధ్య ఉంచి ఎక్స్‌పోర్ట్ చేస్తే సాధారణంగా 300 నుంచి 700 కేబీ వస్తుంది. ఆకులు, గడ్డి, ఇసుక నిండిన ఫ్రేములు కాస్త బరువెక్కుతాయి. పొగమంచు, ఖాళీ ఆకాశం తేలిగ్గా ఉంటాయి. అన్నీ కలిపితే 100 ఎంబీకి అటూ ఇటూగా తేలుతుంది. చిన్న సైజు నకళ్లు కలిపినా 1 జీబీలో సగం నిండదు. ఇక 50 జీబీ ప్లానా, 100 జీబీ ప్లానా అని తల పట్టుకోవడం దేనికి?

స్థలం నిజంగానే నిండుతోందంటే కెమెరా ఇచ్చిన ఫైళ్లను ఉన్నవున్నట్టు ఎక్కిస్తున్నారన్నమాట. 24 మెగాపిక్సెల్ జేపెగ్ సుమారు 10 ఎంబీ అనుకుందాం. 30 ఫోటోల గ్యాలరీ పేజీ 300 ఎంబీ అవుతుంది. రోజుకు వంద మంది పూర్తిగా చూస్తే నెలకు 900 జీబీ డేటా బయటికి వెళ్లాలి. అదే 500 కేబీ ఫోటోలైతే పేజీ 15 ఎంబీ, నెలకు 45 జీబీ. ఎంత ఖరీదైన ప్లాన్ కొన్నా ఈ తేడాను పూడ్చలేదు. కాబట్టి హోస్టింగ్ వెతకడం మొదలుపెట్టేముందు ఎక్స్‌పోర్ట్ సెట్టింగులు ఖాయం చేసుకోవాలి. పేజీ బరువు తెలిస్తేనే బ్యాండ్‌విడ్త్, అంటే సైటు నుంచి బయటికి వెళ్లే డేటా, లెక్క వేయగలం.

ఇక 'అన్‌లిమిటెడ్' సంగతి. షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే ఒకే సర్వర్‌ను ఎన్నో సైట్లు పంచుకునే ప్లాన్లలో, స్థలానికి హద్దు చెప్పకపోయినా ఫైళ్ల సంఖ్యకు హద్దు ఉంటుంది. దాన్ని ఐనోడ్ లిమిట్ అంటారు. నిబంధనల పేజీలో ఎక్కడో అడుగున ఉంటుంది. ఒక ఫోటో ఎక్కిస్తే ఒక ఫైలే కదా అనుకుంటాం. సైట్లు కట్టడానికి వాడే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ అలా ఊరుకోదు. 150, 300, 768, 1024, 1536, 2048 పిక్సెళ్ల నకళ్లు తనంతట తానే చేసుకుంటుంది. ఫోటో 2560 పిక్సెళ్లు దాటితే ఆ సైజుకు ఇంకో నకలు చేసి, అసలు ఫైలును కూడా పక్కనే దాస్తుంది. మొత్తం ఎనిమిది. థీమ్ (సైటు రూపాన్ని తీర్చే భాగం) తన సొంత సైజులు జోడిస్తే పది, పన్నెండు. పేజీలు త్వరగా తెరుచుకోవడానికి జోడించే క్యాష్ ప్లగిన్ రాసే ఫైళ్లు, అదే ఖాతాలోని మెయిల్‌బాక్సులో పేరుకున్న ఉత్తరాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. హద్దు దాటిన రోజున కంట్రోల్ ప్యానెల్‌లో స్థలం పదిశాతమే వాడినట్టు చూపిస్తుంది, కొత్త ఫోటో మాత్రం ఎక్కదు, మెయిళ్లు రావు. కారణం తెలియక ఇంకా పెద్ద ప్లాన్ కొనేవాళ్లు ఎక్కువ. కొనేముందే ఐనోడ్ హద్దు ఎంతో రాతపూర్వకంగా అడగాలి. వాడని థంబ్‌నెయిల్ సైజులను సైటు మొదలుపెట్టిన రోజే ఆపేసుకోవాలి.

ఫోటోగ్రాఫర్లను అన్నిటికంటే ఎక్కువ సతాయించేది మెమరీ. అప్‌లోడ్ పట్టీ చివరిదాకా వెళ్తుంది, ఒక్క క్షణం ఆగుతుంది, తర్వాత ఎర్రక్షరాల్లో ఎర్రర్ వస్తుంది. ఫైలు 10 ఎంబీయే, హద్దు 64 ఎంబీ అని రాసి ఉంది, మరెందుకు పోయింది? ఫైలు సర్వర్‌కు చేరింది. నకళ్లు చేయడానికి దాన్ని విప్పేచోట దెబ్బ తగిలింది. జేపెగ్ డిస్క్ మీద కుదించి ఉంటుంది గానీ, మెమరీలో విప్పినప్పుడు ప్రతి పిక్సెల్‌కూ చోటు కావాలి. 6000 × 4000 అంటే 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లు. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 96 ఎంబీ. వర్డ్‌ప్రెస్‌ను సర్వర్లో నడిపే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషకు మెమరీ హద్దు మామూలుగా 128 ఎంబీ. వర్డ్‌ప్రెస్, ప్లగిన్లు వాడుకోగా మిగిలినదాంట్లో ఇది పట్టకపోవచ్చు. 45 మెగాపిక్సెల్ ఫోటోకైతే 180 ఎంబీ కావాలి, అసలు ప్రశ్నే లేదు. పీహెచ్‌పీ మెమరీ హద్దు 256 ఎంబీ దాకా పెంచుకోనిస్తారా అని అడగండి. 2048కు కుదించిన ఫోటో సుమారు 11 ఎంబీతో సరిపెట్టుకుంటుంది కాబట్టి ముందే కుదించి ఎక్కించేవాళ్లకు ఈ బెడద రాదు.

పీహెచ్‌పీ అప్‌లోడ్ హద్దు మార్చకుండా వదిలేస్తే 2 ఎంబీ మాత్రమే. చాలామంది హోస్టింగ్‌వాళ్లు పెంచే ఇస్తారు. అయినా ఒకసారి చూసుకోవాలి.

రంగుల విషయం మరీ సూక్ష్మం. మీ వ్యాసంలోనే కాదు, హోస్టింగ్ సలహాల్లో ఎక్కడా పెద్దగా కనబడదు. సర్వర్లో ఫోటోలను కుదించే పని రెండు సాఫ్ట్‌వేర్ లైబ్రరీల్లో ఏదో ఒకటి చేస్తుంది: జీడీ లేదా ఇమేజ్‌మ్యాజిక్. జీడీ కుదించినప్పుడు కలర్ ప్రొఫైల్, అంటే రంగులను ఎలా చదవాలో చెప్పే సమాచారం, రాలిపోతుంది. రంగుల పరిధి ఎక్కువున్న అడోబీ ఆర్‌జీబీలో ఎక్స్‌పోర్ట్ చేసిన ఫోటో ప్రొఫైల్ పోగొట్టుకుంటే బ్రౌజర్ దాన్ని వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చూపిస్తుంది. చర్మం రంగు పాలిపోతుంది, ఎరుపు, ఆకుపచ్చ చప్పబడతాయి. మానిటర్ తప్పనుకుని కాలిబ్రేషన్ మళ్లీమళ్లీ చేసుకుంటారు. జీడీ వాడితే ఫోటోలో రాసిపెట్టిన కాపీరైట్ వివరాలు కూడా నకళ్లలో మిగలవు. ఇమేజ్‌మ్యాజిక్ ఉంటే వర్డ్‌ప్రెస్ వీటిని నిలుపుతుంది. అందుకే హోస్టింగ్ అమ్మేవాళ్లను 'ఇమేజ్‌మ్యాజిక్ ఆన్‌లో ఉందా' అని అడగాలి. ఏది ఉన్నా సరే, ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి ఎక్కించడమే క్షేమం. ఆ సమయంలోనే జీపీఎస్ వివరాలు తీసేస్తే క్లయింట్ ఇంటి జాడ ఫోటోతోపాటు ఊరేగదు.

సర్వర్ ఎక్కడుందన్నదీ చూడాలి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. సర్వర్ 10,000 కిలోమీటర్ల అవతల ఉంటే ఒక రాకపోకకు కనీసం సెకనులో పదో వంతు. భద్రమైన కనెక్షన్ కుదిరి, పేజీ మొదటి బైట్ వచ్చేసరికి అలాంటివి మూడైనా అవుతాయి. సర్వర్ పేజీ తయారు చేసే సమయం దీనికి అదనం. మొదటి బైట్ 0.8 సెకన్లలోపు, తెరమీది పెద్ద ఫోటో 2.5 సెకన్లలోపు రావాలని గూగుల్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ క్లయింట్లు ఎక్కువగా ఉండే ప్రాంతానికి దగ్గరి డేటా సెంటర్ ఎంచుకోండి. పలు దేశాల నుంచి చూసేవాళ్లుంటే సీడీఎన్ (ఫోటోల నకళ్లను పలుచోట్ల సర్వర్లలో ఉంచి దగ్గర్నుంచి అందించే సేవ) పెట్టుకోండి. సీడీఎన్ వాడినా పేజీ మాత్రం అసలు సర్వర్ నుంచే రావచ్చు కాబట్టి, నెమ్మది హోస్టింగ్ దాని వెనక పూర్తిగా దాక్కోలేదు. లేజీ లోడింగ్ (చూసేవాళ్లు అక్కడిదాకా వచ్చాకే ఫోటో తెప్పించడం) కింది ఫోటోలకు వరం, పైన మొట్టమొదట కనబడేదానికి శాపం. ఆ ఒక్కదానికి దాన్ని తీసేయించాలి.

మరి ఏ రకం తీసుకోవాలి? నిర్మొహమాటంగా చెప్పాలంటే, నెలకోసారి ఫోటోలు మార్చే పోర్ట్‌ఫోలియోకు వర్డ్‌ప్రెస్ అవసరమే లేదు. అప్‌డేట్లు చేయకుండా వదిలేసిన ప్లగిన్ల గుండా సైటు హ్యాక్ కావడం అతి మామూలు. ముందే తయారైన పేజీలను ఉన్నవున్నట్టు పంపే స్టాటిక్ సైటులో పీహెచ్‌పీ ఉండదు, డేటాబేస్ ఉండదు, మెమరీ గొడవ ఉండదు. అలాంటి సైట్లను ఉంచే గిట్‌హబ్ పేజెస్ అనే సేవ 1 జీబీ సైటును, నెలకు సుమారు 100 జీబీ డేటాను ఉచితంగా అనుమతిస్తుంది. దానిమీద ఆన్‌లైన్ వ్యాపారం నడపకూడదన్న నిబంధన ఉంది కాబట్టి ప్రింట్లు అమ్మేవాళ్లకు పనికిరాదు. కాస్త సాంకేతికం నేర్చుకునే ఓపికా ఉండాలి. ఆ ఓపిక లేనివాళ్లకు స్క్వేర్‌స్పేస్, స్మగ్‌మగ్, ఫార్మాట్ వంటి రెడీమేడ్ సేవలు నయం. అడోబీ ఫోటోగ్రఫీ ప్లాన్‌కు ఇప్పటికే డబ్బు కడుతున్నవాళ్లకు అడోబీ పోర్ట్‌ఫోలియో అందులోనే కలిసి వస్తుంది, ముందు దాన్ని చూడండి. చందా ఆపితే సైటూ ఆగుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. బ్లాగు, బుకింగ్, ప్రింట్ల అమ్మకం అన్నీ ఒకేచోట కావాలంటే వర్డ్‌ప్రెస్ షేర్డ్ హోస్టింగ్ సరిపోతుంది. సర్వర్ నిర్వహణ తెలియనివాళ్లకు వీపీఎస్ (మనమే నిర్వహించుకోవాల్సిన సొంత వర్చువల్ సర్వర్) అంటగట్టడం అన్యాయం.

పెళ్లి ఆల్బమ్ డెలివరీని ఈ హోస్టింగ్‌తో కలపకండి. 800 ఫోటోలు ఒక్కోటి 10 ఎంబీ చొప్పున 8 జీబీ. ఆ జిప్ ఫైలును కుటుంబంలో ఇరవై మంది దించుకుంటే 160 జీబీ. షేర్డ్ హోస్టింగ్‌వాళ్లు ఖాతా ఆపేయడానికి ఇది చాలు. నిబంధనల్లో 'ఫైళ్ల నిల్వకు వాడరాదు' అన్న వాక్యం చాలాచోట్ల ఉంటుంది. క్లయింట్ గ్యాలరీ సేవో, ఆబ్జెక్ట్ స్టోరేజో (ఫైళ్ల నిల్వకే ఉద్దేశించిన క్లౌడ్ సేవ) విడిగా తీసుకోవాలి. ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో నిల్వ చవగ్గా కనిపించినా, అమెజాన్ ఎస్3 వంటివాటిలో ఉచిత హద్దు దాటాక బయటికి వెళ్లే డేటాకు జీబీల లెక్కన ఛార్జీ పడుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2లో ఆ ఛార్జీ లేదు.

ఇక ఒక సేవను వదిలి వెళ్లే దారి. ఫోటోలు ఉంచుకునే సేవ ఫ్లికర్ 2018 నవంబరులో ఉచిత ఖాతాలను 1,000 ఫోటోలకు పరిమితం చేస్తున్నట్టు ప్రకటించి, ఆ మరుసటి ఏడాది అదనపు ఫోటోలు తొలగించడం మొదలుపెట్టింది. అలాంటిదే అయిన ఫోటోబకెట్ 2017లో బయటి సైట్లలో ఫోటోలు చూపించడానికి డబ్బు అడగడంతో ఎన్నో పేజీల్లో ఫోటోలు మాయమయ్యాయి. ఏ సేవైనా నిబంధనలు మార్చుకోవచ్చు. విక్స్ అనే రెడీమేడ్ సేవలో కట్టిన సైటును మరో హోస్టింగ్‌కు ఎత్తుకెళ్లడం కుదరదు. వర్డ్‌ప్రెస్‌లోనూ 'ఎక్స్‌పోర్ట్' నొక్కితే వచ్చే ఫైలులో రాతలు, ఫోటోల లింకులు ఉంటాయి తప్ప ఫోటోలు ఉండవు. అప్‌లోడ్స్ ఫోల్డరును, డేటాబేసును విడిగా దించుకోవాలి.

బ్యాకప్ ఎక్కడ ఉంచుతారో అడగకుండా డబ్బు కట్టవద్దు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ సంస్థ డేటా సెంటర్ తగలబడినప్పుడు, అసలూ బ్యాకప్పూ అదే ప్రాంగణంలో ఉన్న కొందరు రెండూ పోగొట్టుకున్నారు. హోస్టింగ్ బ్యాకప్ ఇచ్చినా ఇంట్లో ఒక కాపీ తప్పనిసరి. పోర్ట్‌ఫోలియో సైటును అసలు ఫోటోలకు బ్యాకప్‌గా ఎంచడం ఇంకా పెద్ద పొరపాటు.

డొమైన్ (సైటు చిరునామా పేరు) ఎప్పుడూ హోస్టింగ్ సంస్థతో ముడిపడకుండా, ఫోటోగ్రాఫర్ పేరుమీద, ఫోటోగ్రాఫర్ మెయిల్‌తో ఉండాలి. సైటు చేసిపెట్టే కుర్రాడి పేరుమీద కాదు. మొదటి ఏడాది ధర కాకుండా రెన్యూవల్ ధర చూడండి. డాట్‌కామ్ గడువు దాటి తొలగింపు దాకా వెళ్తే 30 రోజుల రిడెంప్షన్ గడువులో జరిమానాలాంటి రుసుము కట్టి తెచ్చుకోవాలి, అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు. హోస్టింగ్ మారేటప్పుడు ఒకరోజు ముందే డీఎన్‌ఎస్ టీటీఎల్‌ను (సైటు ఏ సర్వర్లో ఉందన్న సమాచారాన్ని ఇతరులు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువును) 300 సెకన్లకు తగ్గించి, మారాక పాత ఖాతాను ఒక వారం నడవనివ్వాలి. నేమ్‌సర్వర్లు (డొమైన్ సమాచారం ఉంచే సర్వర్లు) మార్చేవాళ్లు, మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులను కొత్తచోట మళ్లీ రాయకపోతే ఎంక్వైరీలు గాల్లో కలుస్తాయి.

చాలా సంస్థలు కొన్ని వారాల్లోపు డబ్బు వాపసు ఇస్తామంటాయి. ఆ గడువును పరీక్షకు వాడుకోండి. మీ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే బరువైన ఇరవై ఫోటోలు ఒకేసారి ఎక్కించి చూడండి. మొబైల్ డేటా మీద, ప్రైవేట్ విండోలో, వేర్వేరు వేళల్లో పేజీ తెరవండి. ఒక ఫోటోను కావాలని తొలగించి, బ్యాకప్ నుంచి తెప్పించమని సపోర్ట్‌కు రాయండి. జవాబు ఎంతసేపటికి వచ్చింది, ఫోటో తిరిగొచ్చిందా, అదనంగా డబ్బు అడిగారా అన్నది రాసిపెట్టుకోండి. వాపసులో డొమైన్ రుసుము సాధారణంగా రాదు. అందుకే దాన్ని మొదటే విడిగా కొనుక్కోమంటున్నాను.

ఇట్లు,
వెబ్‌సైట్ల నిర్వహణ పనిలో ఉన్న ఒక పాఠకుడు