తనిఖీ తేదీ జనం కళ్లకు కనబడాలి

సంపాదకులకు నమస్కారం. రైలు, కరెంటు ప్రమాదాలపై జరిగే తనిఖీల, విచారణల వివరాలు జనానికి తెలియాలని కోరుతూ రాస్తున్న లేఖ ఇది.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పదేళ్ల వ్యవధిలో జరిగిన మూడు రైలు దుర్ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే మనసు కలుక్కుమంటుంది. 2013 నవంబరు 2న గొట్లాం దగ్గర, బోగీలో మంటలు లేచాయన్న వదంతితో బొకారో ఎక్స్‌ప్రెస్ నుంచి పట్టాలపైకి దిగిన ప్రయాణికులను పక్క లైనులో వచ్చిన పాసింజరు రైలు ఢీకొట్టింది. 2022 ఏప్రిల్ 11 రాత్రి జి.సిగడాం మండలం బాతువ దగ్గర, గౌహతి వైపు వెళుతున్న ఎక్స్‌ప్రెస్ రైలులో పొగ వచ్చిందని భయపడి దిగినవారిని కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఢీకొట్టింది. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి–అలమండ స్టేషన్ల మధ్య విశాఖ–పలాస పాసింజరును విశాఖ–రాయగడ పాసింజరు వెనక నుంచి ఢీకొట్టగా 14 మంది చనిపోయారు. మొదటి రెండు ఘటనలకు మధ్య ఎనిమిదేళ్లకు పైగా ఎడం ఉంది, జనం చనిపోయిన తీరు మాత్రం ఒక్కటే. గొట్లాంలో నేర్చుకోవలసిన పాఠం యాభై కిలోమీటర్లయినా లేని బాతువకు ఇన్నేళ్లలో చేరలేదు.

రైలు ప్రమాదం మీద విచారణను రైల్వేలు తమంతట తామే జరుపుకోకూడదన్న సూత్రం మనకు కొత్తది కాదు. స్వాతంత్ర్యానికి ముందే, 1941లో, తనిఖీ అధికారులను రైల్వే బోర్డు నుంచి విడదీసి వేరే శాఖకు అప్పగించారు. నేటి రైల్వే భద్రతా కమిషన్‌కు మూలం అదే. కొత్త లైను మీద ప్రయాణికుల రైళ్లు నడపాలన్నా, ప్రాణాలు పోయిన పెద్ద ప్రమాదానికి కారణం తేల్చాలన్నా 1989 నాటి రైల్వే చట్టం ఆ కమిషనర్ వైపే చూస్తుంది. ఈ కమిషన్ పౌర విమానయాన మంత్రిత్వ శాఖ పరిధిలో ఉంటుందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ శాఖకు 2014 నుంచి 2018 వరకు మంత్రిగా ఉన్నది విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు గారు. 2024 జూన్‌లో ఆ బాధ్యత చేపట్టినది శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు. మూడు ప్రమాదాలూ చూసిన ఈ రెండు జిల్లాల ప్రజలకు, ఆ విచారణల్లో తేలిందేమిటో తెలుగులో చెప్పమని అడిగే హక్కు అందరికంటే ఎక్కువగా ఉందని నేను నమ్ముతున్నాను.

కంటకాపల్లి విషయమే తీసుకుందాం. చెడిపోయిన రెండు ఆటోమేటిక్ సిగ్నళ్లను రాయగడ పాసింజరు నిబంధన పాటించకుండా దాటిందని తొలి విచారణ దశలోనే బయటికి వచ్చింది. ఆ బండి నడిపిన లోకో పైలట్ కూడా అదే ప్రమాదంలో మరణించారు కనుక తన మాట చెప్పుకొనే వీలు ఆయనకు లేకపోయింది. ఎర్రగా ఉన్న ఆటోమేటిక్ సిగ్నల్ దగ్గర పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగి, ఆ పైన ఎదుట ఏది కనబడినా ఆపుకోగలిగినంత నెమ్మదిగా సాగాలన్నది నిబంధన. దాన్ని పాటించారా లేదా అన్నది విచారణలో ఒక భాగం మాత్రమే. సిగ్నళ్లు ఎప్పటి నుంచి చెడి ఉన్నాయి, ఆ సంగతి బండి నడిపేవారికి ఎలా తెలిపారు, ముందు బండి నెమ్మదిగా పోతున్నప్పుడు వెనక బండిని స్టేషన్‌లోనే కాసేపు నిలిపే వీలుందా, ఇకముందు అలా నిలపాలని ఎవరికైనా ఆదేశం వెళ్లిందా అన్నవి రేపు అదే లైనులో ప్రయాణించబోయే మనకు కావలసిన జవాబులు. చనిపోయినవారి పేర తప్పు రాసినంత మాత్రాన ఆ లైను సురక్షితమైపోదు.

బాతువ విషయంలో అయితే కావలసింది ఇంకా చిన్నది. బ్రేకు బ్లాకు చక్రానికి పట్టుకుపోయి పొగ రావడం రైళ్లలో అరుదేమీ కాదు. అది మంట కాకపోవచ్చునని తెలియనివారు కంగారుపడి దిగడమూ సహజమే. దిగక తప్పకపోతే పక్క లైను లేని వైపు నుంచే దిగాలన్న ఒక్క వాక్యాన్ని బోగీ తలుపుల దగ్గర తెలుగు, ఒడియా, హిందీ భాషల్లో పెద్ద అక్షరాలతో రాయించి, బండి నడిమధ్యలో ఆగినప్పుడల్లా గార్డు, టీటీఈలు అదే మాట చెప్పేలా చూడటానికి పెద్ద నిధులు అక్కరలేదు.

రైల్వేలకు వేరే శాఖ కింద పనిచేసే కమిషనర్ అయినా ఉన్నారు. విద్యుత్తు దగ్గరికి వచ్చేసరికి ఆ ఎడం కూడా సన్నగిల్లుతోంది. 2003 నాటి విద్యుత్ చట్టంలోని 162వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్లను నియమిస్తుంది. 161వ సెక్షన్ ప్రకారం కరెంటు వల్ల మనిషికే కాదు, పశువుకు ప్రాణనష్టం జరిగినా ఆ ఇన్‌స్పెక్టరుకు తెలియపరచాలి, అదీ 24 గంటల్లోగా. కాని మన రాష్ట్రంలో ఆ తనిఖీ విభాగమూ, కరెంటు సరఫరా చేసే పంపిణీ సంస్థలూ ఒకే ఇంధన శాఖ నీడన ఉన్నాయి. అంతేగాక, విద్యుత్ పరికరాలను ఐదేళ్లకు మించకుండా తనిఖీ చేయాలని కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనలు చెబుతూనే, ప్రభుత్వం ప్రకటించిన ఒక వోల్టేజి దాకా స్వీయ ధ్రువీకరణకు వీలిచ్చాయి. తనిఖీ సిబ్బంది తక్కువగా ఉన్నప్పుడు ఈ వెసులుబాటు ఎందుకు ఇచ్చారో అర్థం చేసుకోగలను. అయితే పరీక్ష రాసినవారే మార్కులు వేసుకునే పద్ధతి అనుకున్నప్పుడు, కనీసం ఆ మార్కుల కాగితమైనా అందరికీ కనబడాలి కదా.

మా వైపు వరి కోతల తర్వాత ఏ ఊరికి వెళ్లినా ఒకే దృశ్యం. కల్లాల మీదుగా ఎల్‌టీ (తక్కువ వోల్టేజి) తీగలు వేలాడుతుంటాయి, వాటి కిందుగా గడ్డి లోడుతో ట్రాక్టరు పోతుంటుంది, లోడు మీద కూర్చున్న కుర్రాడు వెదురు కర్రతో తీగను పైకి నెడుతుంటాడు. కర్ర పచ్చిదైతే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పలేదు. వీధిని దాటే చోట తొడుగులేని ఎల్‌టీ తీగ నేలకు 5.8 మీటర్ల కన్నా కిందికి ఉండరాదన్న నిబంధన ఎన్నో ఏళ్లుగా ఉంది. జనం తిరిగే చోట తీగ తెగిపడితే దానిలో విద్యుత్తు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉండాలనీ ఉంది. ఇటువంటి తీగ ఒకదాని గురించి మా ఊరి రైతులతో కలిసి నేను అర్జీ పెట్టాను. ఆ తీగను చివరిసారి ఎప్పుడు చూశారు, ఎవరు చూశారు అని అడిగితే చెప్పగలిగినవారు లేకపోయారు. ఎదురుగా కూర్చున్న ఉద్యోగిని తప్పుపట్టి ప్రయోజనం లేదు, ఎందుకంటే ఆ సమాచారం ఆయనకూ అందుబాటులో ఉండదు.

దీనికి భిన్నంగా, మన వంటింట్లోని గ్యాస్ సిలిండరును చూడండి. పిడికి ఆనించిన పట్టీ మీద ఎ, బి, సి, డి అనే ఆంగ్ల అక్షరాల్లో ఒకటి, పక్కన రెండంకెలు ఉంటాయి. జనవరి నుంచి మార్చి వరకు ఎ, ఏప్రిల్ నుంచి జూన్ వరకు బి, ఇలా మూడేసి నెలలకు ఒక అక్షరం. బి–28 అని ఉంటే 2028 జూన్ నాటికి ఆ సిలిండరుకు మళ్లీ పరీక్ష జరగాలన్నమాట. గడువు దాటిన సిలిండరును ఇంటికి తెస్తే వద్దనే అధికారం ఇల్లాలికి ఉంది, అందుకు ఆమె ఏ కార్యాలయానికీ వెళ్లనక్కరలేదు.

ఇంధన పొదుపు చట్టం కూడా ఈ మేలే చేసింది. 2001 నాటి ఆ చట్టం కింద ఏర్పడిన ఇంధన సామర్థ్య సంస్థ, 2006 నుంచి స్టార్ గుర్తులు తెచ్చింది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకూ అవి తప్పనిసరయ్యాయి. పాతరకం ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటే, ఐదు నక్షత్రాల బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లతో అదే గాలినిస్తుంది. చదువు అంతగా లేని రైతు కూడా ఆముదాలవలస అంగట్లో నిలబడి నక్షత్రాలు లెక్కపెట్టి ఫ్యాను ఎంచుకోగలడు. కరెంటు బిల్లు తగ్గించే సమాచారాన్ని ఇంత శ్రద్ధగా జనం చేతికిచ్చిన ప్రభుత్వం, ప్రాణం నిలిపే సమాచారాన్ని ఫైళ్లలో ఉంచడం నాకు న్యాయంగా తోచడం లేదు.

అందుకే నేను అడిగేది ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద చివరి తనిఖీ తేదీ, తర్వాతి తనిఖీ గడువు, చూసిన అధికారి హోదా, ఫిర్యాదుకు 1912 నంబరు తెలుగులో రాయించమని. పుర్రె, ఎముకల గుర్తుతో ఉండే ప్రమాద సూచిక పలక మీద స్థానిక భాష ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి కనుక, ఆ పలక కింద ఇంకో రెండు వరుసలు చేర్చడానికి కొత్త చట్టం అవసరం లేదు. తీగలకు సంబంధించిన వివరాలను గ్రామ సచివాలయం నోటీసు బోర్డులో పెట్టవచ్చు. పలాస జీడి పరిశ్రమల్లో పిక్కలు ఉడికించే బాయిలర్లకూ ఇదే వర్తించాలి. వాటి పక్కన రోజంతా పనిచేసే ఆడవాళ్లకు బాయిలరు సర్టిఫికెట్ గడువు ఎప్పటిదో గేటు దగ్గరే తెలియాలి. అలాగే విద్యుత్ ప్రమాదం మీద జరిపిన ప్రతి విచారణ సారాంశాన్ని ఆ ఊరి గ్రామసభలో చదివి వినిపించాలి. నష్టపరిహారం కోసం తిరిగే కుటుంబానికి ఆ కాగితమే ఆధారం. ఎల్‌సీ (పని అయ్యేదాకా లైనులో సరఫరా ఆపే అనుమతి) తీసుకున్నామని నమ్మి స్తంభమెక్కే లైన్‌మన్లకు, సచివాలయాల ఎనర్జీ అసిస్టెంట్లకు కూడా తోటివాడు ఎక్కడ, ఎందుకు ప్రాణం కోల్పోయాడో ఆ సారాంశంలోనే తెలుస్తుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని కుదిపేసినప్పుడు స్తంభాలు వరసలు వరసలుగా కూలాయి. ఆ తర్వాత వేసిన లైన్లకూ ఇప్పుడు వయసు మీద పడుతోంది. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో ఈ ఏడాది తుఫాన్ల కాలం మొదలయ్యేలోగా తనిఖీలు పూర్తిచేసి, తేదీలు రాసే పనిని అక్కడి నుంచే ప్రారంభించవలసిందిగా రెండు జిల్లాల కలెక్టర్లను, ఇంధన శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా